బుల్లెమ్మ కడిగిన ఇల్లు

మా నాయనమ్మ బుల్లెమ్మకు దేవుడు ప్రత్యక్షమై ఏం కావాలో కోరుకోమంటే, ముందు కాళ్ళు కడుక్కుని రమ్మని ఆయన్ని బావి దగ్గరికి పంపేది. ఆయన వచ్చాక కోరుకునేది మాత్రం ఒక్కటే. నీళ్ళు పోసి కడుక్కోవడానికి వీలైన ఇల్లు.

తెనాలి దగ్గర ఆమె పుట్టింట్లో నాపరాళ్ళ నేల ఉండేది. పొద్దున్నే బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించి, చీపురు పెట్టి వీధి గుమ్మం దాకా తోసుకొస్తే, ఎండకు ఆ రాళ్ళు నిగనిగలాడేవట. పెళ్ళయ్యాక వెంకటనారాయణ వెంట చర్ల అవతలికి వచ్చింది. అక్కడ పొగాకో మిరపో వేసుకుంటే నాలుగేళ్ళలో బాగుపడవచ్చని ఆయనకెవరో చెప్పారు. నాలుగేళ్ళు కాస్తా పాతికేళ్ళయ్యాయి. అన్నాళ్ళూ తాటాకు కప్పిన మట్టింట్లోనే కాపురం. మట్టినేల మీద నీళ్ళు పోస్తే బురద తప్ప ఇంకేం మిగలదు. అందుకని అలికేది. అలికినప్పుడల్లా మొగుణ్ణి తిట్టేది.

"అలకడం మాత్రం శుభ్రం కాదటే బుల్లీ?" అనేవాడు ఆయన.

"పేడ పూసి శుభ్రమంటారా? మీ ముఖాన కాస్త పూస్తాను. ఎంత శుభ్రంగా ఉంటారో చూద్దాం."

వెంకటనారాయణ మాటకారి. ఒక కబురు మొదలుపెడితే ఎక్కడా ఆగకుండా, ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా తెలియకుండా చెప్పుకుపోయేవాడు. ఆయన మాటల్లో పడి చర్ల బస్సు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. బుల్లెమ్మ తిట్లకు కూడా ఆయన దగ్గర పొడుగాటి జవాబు ఉండేది. అది పూర్తయ్యేసరికి ఆమె అలకడం కూడా పూర్తయ్యేది.

ఎనభై మూడులో, మిరప వరసగా రెండేళ్ళు కలిసొచ్చాక, ములకలపల్లిలో ఇల్లు కొన్నారు. అమ్మినాయన హీరాలాల్. చింతపండు, ఇప్పగింజలు కొని అమ్మే వ్యాపారి, కొత్తగూడెం మారిపోతూ అమ్మేశాడు. ఇటుక గోడలు, సున్నం పూత, బెంగుళూరు పెంకులు. వెనక చేదబావి, పక్కన గేదెల పాక. అన్నిటికంటే ముఖ్యం, ముందు గదిలో, పడకగదిలో, వంటింట్లో షాబాదు బండలు. బేరానికి వెళ్ళిన రోజు మగవాళ్ళు పెంకులు చూస్తుంటే, బుల్లెమ్మ వంగి బండను అరచేత్తో రాసింది. రాసి, మొగుడి వైపు చూసింది. ఇక బేరం ఏముంది, హీరాలాల్ చెప్పిందే ధర.

గృహప్రవేశం నాడు పురోహితుడు గడప దాటాడో లేదో, ఆయన పాదాల గుర్తుల మీద బిందెడు నీళ్ళు పడ్డాయి. ఆ రోజు మొదలు. కోడలు హైమ బావిలోంచి తోడాలి, బుల్లెమ్మ పోయాలి. మంచాల కాళ్ళు, గోడల మూలలు, తలుపు వెనక సందులు, అన్నీ మునగాలి. వచ్చిన నెలలోనే నీళ్ళు పోయే తూములోంచి ఒక పాము లోపలికి తల పెట్టింది. అడవి అంచు ఊళ్ళో అదేమంత వింత కాదు. బుల్లెమ్మ మాత్రం ఆ తూముకు గుడ్డలు కుక్కి సిమెంటు మెత్తించింది. ఇక నీళ్ళన్నీ చీపురుతో గుమ్మం దాకా తోయాలి. తోసినన్ని పోయేవి. పోనివి బండల సందుల్లోకి దిగేవి.

కొడుకు, అంటే మా నాన్న, బస్సు కండక్టరు. ఇంట్లో కంటే బస్సులోనే ఎక్కువ ఉండేవాడు కాబట్టి, తడిబండల మీద కాలివేళ్ళు బిగబట్టి నడవాల్సిన కష్టం ఆయనకు అంతగా తెలియలేదు.

ముసురు పట్టాక, గోడకు వచ్చినదాన్ని మొదట చూసింది హైమ.

"అత్తయ్యా, ఇక్కడ గోడకు మసి అంటిందండీ."

"పడకగదిలో మసేమిటి? నీ కాటుక చెయ్యి తుడిచి ఉంటావు."

"అంత కింద తుడవడానికి నేనేమన్నా పాకుతున్నానాండీ?"

బుల్లెమ్మ వంగి చూసింది. మంచం పక్క మూలలో, నేలకు జానెడు ఎత్తులో, నల్లటి చుక్కలు. తుడిచింది, పోయాయి. మర్నాటికి వచ్చాయి. నాలుగు రోజులకు చుక్కలు మచ్చలయ్యాయి, మచ్చలు కలిసి మోకాలెత్తు దాకా ఎక్కాయి. తోలుచెప్పులకు పచ్చటి నూగు వచ్చింది. పెట్టెలో పెళ్ళి పట్టుచీర మడతల్లో తెల్లటి పొడి రాలింది. గోడకు తగిలించిన రాములవారి పటంలో లక్ష్మణస్వామికి గడ్డం లాంటిది మొలిచింది. గదిలో అడుగు పెడితే తడిసిన బొంత వాసన.

పక్కింటి సమ్మయ్య, ఫారెస్టు వాచరు, ఆకు నములుకుంటూ వచ్చి చూశాడు.

"ఏందే పెద్దమ్మా, గోడకు గింత బూజు వట్టింది? మా ఇంట్ల లేదు గదా!"

"మీ ఇంట్లో ఉన్నా నీకు కనపడదురా. ఏనాడైనా చీపురు పట్టినవాడివా?"

"అవ్, మేం కడుగం. మీ ఇంటెనుక మా దొడ్లెకు నీళ్ళు కారుతుంటే తోటకూర మంచిగ పెరుగుతున్నది. గట్లనే కానియ్యి."

సమ్మయ్య దొడ్లో గోడ పక్కన తోటకూర నిజంగానే నడుమెత్తు పెరిగింది. బుల్లెమ్మ దాన్ని చూసి కూడా చూడలేదు.

సున్నంలో మైలుతుత్తం కలిపి గోడలకు కొట్టించింది. వారం తెల్లగా ఉన్నాయి. తర్వాత ఆ తెలుపు పొరలు పొరలుగా ఉబ్బి ఊడి, కింద మళ్ళీ అదే నలుపు. సాంబ్రాణి వేసింది. వేపాకు కాల్చింది. ఆ పొగలకు బూజుకేం కాలేదు గానీ వెంకటనారాయణకు దగ్గు పట్టుకుంది. పొగ మానేసినా దగ్గు మానలేదు. రాత్రులు కూర్చుని దగ్గేవాడు. పగలు మాట్లాడుతుంటే మధ్యలో మాట తెగేది. తెగిన చోట ఛాతీలోంచి సన్నగా ఈల వినపడేది.

"ఏమండీ, ఆ ఈలేమిటి?"

"నిన్ను చూస్తే..." అని ఊపిరి తీసుకున్నాడు. "ఈల వెయ్యాలనిపించింది." ఆ చిన్న హాస్యానికి కూడా ఆయనకు రెండు ఊపిరులు కావాల్సి వచ్చింది.

బుల్లెమ్మ నవ్వలేదు. మర్నాడే కొడుకు బస్సులో, కొడుకు చేతే టిక్కెట్టు కొట్టించుకుని, హీరాలాల్‌ను కడిగి పారెయ్యడానికి కొత్తగూడెం వెళ్ళింది.

"తడిగోడలు మా నెత్తిన పెట్టి వస్తావా? నీకు ధర్మమేనా?" అని కొట్టు ముందే నిలబడి అడిగింది.

హీరాలాల్ స్టూలు వేయించి కూర్చోబెట్టాడు. "లేదమ్మా. గా ఇంట్ల నేను మస్తు ఏండ్లున్న. బూజు గీజు ఎన్నడు సూడలే. పెంకులేమన్న పగిలినయా?"

"లేదు."

"మరి తడి ఏడికెల్లి వస్తున్నది?"

"అదే నిన్నడగడానికి వచ్చాను. మీ ఆడవాళ్ళు ఇల్లెలా కడిగేవాళ్ళు?"

"కడుగుడేంది? ఊడ్సుడే. పండుగొస్తే తడిబట్ట పెడ్తుండె."

బుల్లెమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఇంకేమీ అడగలేదు, ఇచ్చిన టీ కూడా తాగలేదు. సంగతంతా తేలిపోయింది. ఏళ్ళ తరబడి కడగని ఇల్లు! ఆ మురికంతా బండల కింద పేరుకుని ఇప్పుడు గోడెక్కుతోంది. దారి పొడవునా కొడుక్కి అదే చెప్పుకొచ్చింది. అంత మురికిని వదిలించాలంటే ఒక పూట కడిగితే చాలదు. ఆ మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ కడగడం మొదలుపెట్టింది.

హైమ అరచేతులకు చేదతాడు పొక్కులు వచ్చాయి. గోడ మీద నలుపు నడుం దాకా వచ్చింది. వెంకటనారాయణ పగలు కూడా పడుకుని లేవలేకపోతున్నాడు.

దవాఖానాలో డాక్టరు ఆయన వీపుకు గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. ఇల్లెలా ఉంటుందని అడిగాడు. బూజు మాట చెప్పారు. నీళ్ళ మాట ఎవరికీ చెప్పాలని తోచలేదు. అది జబ్బు సంగతి కాదుగా, ఇంటిపని.

"అమ్మా, ఆ బూజులో ఈయన ఇంకొక వానాకాలం ఉంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు. ఇల్లు మార్చండి," అన్నాడు డాక్టరు.

తిరిగి వస్తుంటే బస్సులో కొడుకు, "అమ్మేద్దామే, చర్లకే పోదాం," అన్నాడు. బుల్లెమ్మ కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. సరేనని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. మొగుడి ప్రాణం ఒక పక్క, షాబాదు బండలు ఒక పక్క, తను నోరు మూసుకుని కూర్చోవడం! ఇలాంటి దాన్ని ఇంకెక్కడైనా చూసి ఉంటే చెడామడా తిట్టి ఉండేది.

వెంకటనారాయణే దారి తీశాడు. ఇంటికి రాగానే నులకమంచం భుజాన వేసుకోబోయాడు. ఎత్తలేక హైమను సాయం పట్టమన్నాడు. గేదెల పాకలో, గేదెకు రెండు మూరల దూరంలో వేసుకున్నాడు.

"ఇల్లు అమ్మొద్దు," అన్నాడు కొడుకుతో. "పాతికేళ్ళు... మీ అమ్మ దీనికోసమే... నా వెంట ఉంది. నాకిక్కడ గాలి బాగానే ఉంది."

నిజంగానే బాగుంది. పాకకు మూడు పక్కలా గోడల్లేవు. వారం తిరిగేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. పది రోజులకు గేదెతో కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

బుల్లెమ్మకు ఇది దగ్గు కంటే పెద్ద దెబ్బ. ఊరంతా తెలిసిపోయింది. బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వుకున్నారు. సమ్మయ్యకైతే పండగే.

"ఏందే పెద్దమ్మా, పెద్దయ్యను బర్రె దగ్గర పండవెట్టినవట?"

"నేను పెట్టలేదురా. ఆయనే పోయాడు."

"బర్రె మంచిగ సూసుకుంటున్నట్టుంది. పానం తేటగున్నది పెద్దయ్యకు."

ఇంకో రోజైతే సమ్మయ్య చెవులకు చిల్లులు పడేవి. ఆ రోజు బుల్లెమ్మ లోపలికి వెళ్ళిపోయి, వంటింటి తలుపు వేసుకుని, హైమకు వినపడకుండా ఏడ్చింది. గేదె పక్కన ఆడిన ఊపిరి నా పక్కన ఆడదా? పేడ వాసన పడుతుంది గానీ నేను కడిగిన గది పడదా? ఆ రోషంలో లేచి, ఒక్కతే బిందెలు మోసుకొచ్చి, ముందెన్నడూ కడగనట్టు కడిగింది. మూలకు తోసిన చీపురు తిరిగి లాగుతుంటే కాలు జారింది.

కుడికాలు చీలమండ దగ్గర విరిగింది. పిండికట్టు వేసి, కాలు కింద పెట్టొద్దన్నారు. పడకగదిలో మంచం మీద పడుకుని, ఎదురుగా ఉన్న గోడను చూస్తూ ఉండడం తప్ప వేరే పని లేకపోయింది.

"కడగమంటారాండీ?" అని హైమ మొదటి రోజు అడిగింది.

"ఒక్కదానివి తోడి, పోసి ఎలా చేస్తావు? నీక్కూడా కాలు విరిగితే వండేదెవరు? ఊడ్చెయ్యి చాలు," అంది బుల్లెమ్మ. అది కోడలి మీద ప్రేమా, సరిగా కడగదన్న అనుమానమా, హైమకు ఇప్పటికీ తెలియదు.

బయట ముసురు ఆగలేదు. పెంకుల మీద చినుకు చప్పుడు పగలంతా ఉండేది. లోపల గోడ మాత్రం మారుతోంది. మొదట నలుపు అంచు మెరుపు తగ్గింది. తర్వాత పైనుంచి బూడిదరంగు తిరగడం మొదలైంది. ఒక మధ్యాహ్నం బుల్లెమ్మ చెయ్యి చాచి గోడను తాకింది. వేలికి జిగటగా అంటుకునేది పొడిగా రాలింది. బండల సందులు తెల్లబడ్డాయి. గదిలో వాసన తగ్గింది. తగ్గిందని, అది పూర్తిగా తగ్గాకే తెలిసింది.

వాన అలాగే పడుతోంది. పెంకులు అవే, గోడలు అవే. మారినది ఒక్కటే. తను మంచాన పడింది.

ఆ సంగతి ఒక్కసారిగా తట్టలేదు. గోడకు ఇటు తిరిగి పడుకుంటే, అటు తిరిగి పడుకుంటే, మెల్లమెల్లగా వచ్చి మీద కూర్చుంది. సమ్మయ్య దొడ్లో తోటకూర గుర్తొచ్చింది. హీరాలాల్ అడిగిన మాట గుర్తొచ్చింది. బిందె తర్వాత బిందె, పొద్దునా సాయంత్రమూ, ఆ మనిషి మంచం కాళ్ళ చుట్టూ తను పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి. బుల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గోడలు తెల్లబడుతున్నాయి చూశారాండీ, మైలుతుత్తం ఇప్పటికి పనిచేసినట్టుంది," అంది హైమ అన్నం తెచ్చి.

"ఆఁ, అంతే అయి ఉంటుంది," అంది బుల్లెమ్మ.

అలా కొన్నాళ్ళు దాచుకుంది. ఎవరికీ తెలియదు. కాలు బాగయ్యాక మళ్ళీ కడిగినా ఎవరూ అడ్డుచెప్పరు. చెప్పకుండా మానేసినా, కాలు నొప్పి కాబోలు అనుకుంటారు. ఏ దారిన పోయినా తన పరువు దక్కుతుంది. హీరాలాల్‌ను మాత్రం తిట్టడం మానేసింది. అది హైమకు కాస్త వింతగా తోచింది.

ఒక రోజు వెంకటనారాయణ పాకలోంచి వచ్చి, పడకగది గుమ్మం అవతలే నిలబడ్డాడు. రోజూ అలాగే పలకరించి పోయేవాడు. భుజాల మీద గోనెపట్టా, వాన నీళ్ళు కారుతున్నాయి.

"కాలెలా... ఉంది?"

"అక్కడే నిలబడ్డారేం? లోపలికి రండి."

"వద్దులే. తడిగా ఉంటుంది."

ఆ మాట బుల్లెమ్మకు ఎక్కడో తగిలింది. అది దెప్పడం కూడా కాదు. ఆయనకు అలవాటైపోయిన భయం.

"తడి లేదండీ. నేను పడ్డ దగ్గరనుంచి కడగలేదు. రండి, చూడండి."

ఆయన ఒక కాలు లోపల పెట్టి చూశాడు. గోడ చూశాడు. పెళ్ళాం ముఖం చూశాడు.

"హీరాలాల్ చేసింది కాదండీ ఇది," అంది బుల్లెమ్మ. "నేనే. చేతులారా పోసి పోసి పెంచాను. డాక్టరుకు కూడా చెప్పలేదు."

వెంకటనారాయణ గోడను వేలితో గీకి చూశాడు. తర్వాత, "పాపం హీరాలాల్," అన్నాడు. అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, గోడ పట్టుకుని వంగిపోయాడు. లేవలేని కాలితో బుల్లెమ్మ మంచం మీద నుంచి చెయ్యి చాపింది. అందలేదు. ఆ దగ్గు ఆగేదాకా ఆమెకు తన ఊపిరి కూడా ఆడలేదు.

ఆయన మంచం లోపలికి వచ్చింది గానీ, ఆ ఛాతీలో ఈల పూర్తిగా పోలేదు. బూజు రాలినట్టు లోపల పట్టిన జబ్బు రాలదు. చలికాలం వస్తే పెరిగేది, ఎండాకాలం తగ్గేది. డాక్టరు మందులు రాసి, "ఇలాగే పొడిగా ఉంచుకోండమ్మా" అన్నాడు. బుల్లెమ్మ తల వంచుకుని వింది.

కాలు కుదిరాక ఆమె పడిన అవస్థ హైమకే తెలుసు. తెల్లవారేసరికి చేతులు ఊరుకోవు. బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడేది. తోడాక ఎక్కడ పొయ్యాలో తెలియక, పోయి గేదెను కడిగేది. ములకలపల్లిలో అంత శుభ్రమైన గేదె ఇంకోటి లేదని సమ్మయ్య అందరికీ చెప్పేవాడు. ఇల్లు మాత్రం ఊడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో బండలను ముట్టీ ముట్టనట్టు తుడిచేది. అడవి మట్టి ఎర్రటిది, ఎంత ఊడ్చినా సందుల్లో మిగిలేది. దాన్ని చూడకుండా ఉండడం కోసం ముఖం పక్కకు తిప్పుకుని నడిచేది.

తర్వాతి వానాకాలంలో వెంకటనారాయణ అక్క సీతారావమ్మ తెనాలి నుంచి ఇల్లు చూడ్డానికి వచ్చింది. ఆమె కూడా కడిగే మనిషే. గుమ్మంలో చెప్పులు విడిచి, బండ మీద కాలు పెట్టి, వెనక్కి తీసి, పాదం తిప్పి చూసుకుంది.

"ఏమ్మా బుల్లెమ్మా, షాబాదు బండలని ఉత్తరంలో అంత రాయించావు. ఇదేనా? కాలికింత ఎర్రమట్టి అంటింది. మీ పుట్టింట్లో ఇలాగే ఉంచేవారా?"

హైమ అత్త ముఖం చూసింది. ఇప్పుడు పేలుతుంది అనుకుంది. జవాబు ఉంది బుల్లెమ్మ దగ్గర. కానీ ఆ జవాబు చెప్పాలంటే, నీ తమ్ముడి ఊపిరి నేనే ఇలా చేశాను అని కూడా చెప్పాలి.

"పెద్దదాన్నయ్యాను వదినా. చేతకావడం లేదు," అంది.

"చేతకాకపోతే కోడలు లేదూ? అడవిలో ఉండీ ఉండీ శుభ్రమన్నది మర్చిపోయావు."

బుల్లెమ్మ కొంగుతో బండ మీది మట్టి ఒత్తబోయింది. పడకగదిలోంచి వెంకటనారాయణ గొంతు వినపడింది.

"అక్కా, దాన్ని అనకు, కడగొద్దని కట్టడి చేసింది నేను, ఈ బండలు తడిస్తే నేను జారిపడతాను, పడితే లేపడానికి నువ్వు తెనాలి నుంచి వస్తావా ఏమిటి..." ఇక్కడ ఊపిరి తెగింది. ఈల వినపడింది. మళ్ళీ అందుకున్నాడు. "...అదీగాక నీ కాళ్ళు దారంతా బురద తొక్కుకుంటూ వచ్చి ఆ బండల మీద పెట్టావు, ముందు అవి కడుక్కుని రా, కాఫీ తాగుదువుగాని."

సీతారావమ్మ ఏదో గొణుగుతూ బావి వైపు వెళ్ళింది. హైమ నవ్వు ఆపుకుంటూ వెంట చెంబు పట్టుకెళ్ళింది. బుల్లెమ్మ కొంగు పట్టుకుని వంగినది వంగినట్టే ఉండిపోయింది. అంత పొడుగు మాట ఆయన నోట విని చాలా కాలమైంది. మధ్యలో ఒక్కచోటే తెగింది. తర్వాతి ఊపిరి ఎలా వస్తుందోనని, గోడవైపు చెవి పెట్టి వింటోంది.